బుద్ధుని బోధనారీతి - నాయకధర్మము



జనులను తన వెంట నడిపించుకొను శక్తి ఒకనికి వంశమువలన వచ్చుననియు, ఒకనికి పదవివలన వచ్చుననియు, మరియొకనికి ధనమువలన వచ్చుననియు లోకములో ఒక వాడుక కలదు. కాని ఇరువదియైదు శతాబ్దములకు పూర్వము శాక్యవంశమున జన్మించిన ఒక మహనీయుడు, వంశగౌరవమును విడిచి, ఏ పదవిని స్వీకరింపక, ధనమును చేత ముట్టక, భిక్షాపాత్రము ధరించి నలువదియైదు సంవత్సరములు గంగామైదానపు గ్రామములందును నగరములందును కాలినడకను సంచరించి, రాజులను, శ్రేష్ఠులను, వేదపండితులను, వీథులూడ్చు దీనులను, దారిదోపిడి దొంగలను సైతము కేవలము తన మాటచేతను నడవడిచేతను మార్చగలిగెను. ఆయన చేత దండము లేదు. తన మాట విననివానిని శిక్షించుటకు ఆయనకు భటులు లేరు. అయినను ఆనాటి రాజుల శాసనములు చెల్లిన మేరకంటె ఆయన మాట చెల్లిన మేర పెద్దది. సింహళము మొదలు జపాను వరకు నేటికిని అది చెల్లుచునే యున్నది.

ఇట్టి ప్రభావమునకు మూలమేమి? ఆయన చెప్పిన సత్యములందే ఆ మూలము కలదని భక్తులు చెప్పుదురు. అది నిజమే. కాని సత్యము చెప్పినవారందరి మాటయు లోకము వినలేదు. చెప్పిన విషయముతోపాటు చెప్పిన విధమునందు కూడ ఒక రహస్యము ఉండవలెను. ఆ విధమును పరిశీలించినచో, ఒక పాఠశాలను గాని, ఒక పంచాయతీని గాని, ఒక కార్యాలయమును గాని, ఒక రాష్ట్రమును గాని నడుపువారికి పనికివచ్చు నాయకధర్మ మొకటి అందు కనబడుచున్నదని నా విశ్వాసము. దానిని ఒక్క వాక్యములో చెప్పవలసివచ్చినచో, వినువాని వివేకమును లోబరచుకొనువాడు కాక, దానిని మేలుకొలుపువాడే నిజమైన నాయకుడని చెప్పుదును.

మొదట ఒక గృహస్థుని కథ చెప్పెదను. ఆళవి యను పట్టణమున హత్థకుడను ఉపాసకుడు ఉండెను. అతడొకనాడు ఐదువందల మంది అనుచరులతో బుద్ధదర్శనమునకు వచ్చెను. అంతమందిని ఒక్కచోట కలిపి నిలుపుకొనుట ఎట్లు సాధ్యమైనదని బుద్ధుడే ఆయనను ప్రశ్నించెను. తాను బోధించినదానిని శిష్యుడు అప్పగించునా లేదా అని పరీక్షించు గురువు ప్రశ్న కాదది. ఒక పనిని చేసి చూపినవానిని దాని మర్మము అడుగు జిజ్ఞాసువు ప్రశ్న. హత్థకుడు చెప్పిన సమాధానము అంగుత్తరనికాయమున నిక్షిప్తమైయున్నది. ఇచ్చుటచేత దగ్గరయగువానిని దానముచేతను, మంచిమాటచేత దగ్గరయగువానిని ప్రియవచనముచేతను, పనిలో తోడ్పాటు కోరువానిని ఉపకారముచేతను, సమానగౌరవము కోరువానిని తనతో సమానముగా చూచుటచేతను తాను కలుపుకొనుచున్నట్లు అతడు విన్నవించెను. ఈ నాలుగును బుద్ధుడు ఉపదేశించిన సంగ్రహవస్తువులే, అనగా జనులను కలిపి నిలుపు సాధనములే. దానికి తోడు హత్థకుడు మరియొక మాటను దాచక చెప్పెను: తన యింట సంపద కలదనియు, నిరుపేద చెప్పినచో జనులు ఇంత శ్రద్ధతో విని యుండెడివారు కారనియు అతడు ఒప్పుకొనెను. తన ప్రభావములో తన గుణముయొక్క పాలెంతయో, తన కలిమియొక్క పాలెంతయో విడదీసి చూచుకొనగల నాయకుడు ఎంత అరుదు! మరియొకప్పుడు బుద్ధుడు భిక్షువులయెదుట అతని గుణములను ప్రశంసించెను. ఆ సంగతి ఒక భిక్షువు అతనికి తెలుపగా, అచ్చట గృహస్థులెవ్వరును వినలేదు గదా యని హత్థకుడు విచారించి, ఎవ్వరును లేరని తెలిసి సంతసించెనట. తన ప్రశంస ఊరికి తెలియకుండవలెనని కోరినవాడు ఐదువందలమందిని నిలుపుకొనగలిగినాడన్నది మనము మనస్సునకు పట్టించుకొనదగిన విషయము.

ఈ నాలుగు సాధనములలో ఏది ఎవనికి తగినదో తెలియుటయే అసలైన విద్య. బుద్ధుని బోధనయంతయు ఈ ఎరుకమీద నిలిచినది. చంపానగరపు శ్రేష్ఠిపుత్రుడైన సోణకోళివిసుని వృత్తాంతము దీనికి చక్కని నిదర్శనము. అరికాళ్ల యందు రోమములు మొలచునంతటి సుకుమారముగా పెరిగిన ఆ యువకుడు భిక్షువై, రాజగృహ సమీపమున శీతవనములో, తన చంక్రమణమార్గము రక్తసిక్తమగునట్లు పాదములు పగులువరకు నడచి సాధన చేసెను. ఫలము కనబడకపోగా నిరాశచెంది, ఇల్లు చేరి సంపద ననుభవించుచు దానధర్మములు చేసికొనుట మేలని తలపోసెను. బుద్ధుడు గృధ్రకూటమునుండి దిగివచ్చి అతనిని మందలింపలేదు, మెచ్చుకొననులేదు. గృహస్థుడుగా నున్నప్పుడు నీవు వీణ వాయించుటలో నేర్పరివి గదా యని పలుకరించి, తంత్రులు మిక్కిలి బిగించినప్పుడు నాద మెట్లుండెను, సడలించినప్పుడెట్లుండెను, సమముగా నున్నప్పు డెట్లుండెనని వరుసగా అడిగెను. ప్రతి ప్రశ్నకును సమాధానము సోణునికి ముందే తెలియును. అది అతని వ్రేళ్లకే తెలియును. ప్రయత్నము కూడ అట్లే సమముగా నుండవలెనను బోధ ఆ సమాధానములనుండి దానంతట అదే వెలువడెను.

ఇందు గమనింపదగినది ఉపమానముయొక్క సొగసు కాదు. సేద్యము చేయు భారద్వాజునితో బుద్ధుడు నాగలిని, కాడిని, విత్తనమును గూర్చి మాటలాడెను. ఇచ్చట వైణికునితో వీణను గూర్చి మాటలాడెను. ఎదుటివాడు తన జీవితములో ఏ విద్యయందు ప్రవీణుడో, ఆ విద్యనే ఆధారముగా గ్రహించి, అచ్చటినుండి అతనికి తెలియని చోటికి దారి వేయుట ఆయన పద్ధతి. ఎదుటివానికి ఏమియు తెలియదని మొదలుపెట్టు నాయకుడు అతనిని చిన్నబుచ్చును; అతనికి ఏదో ఒకటి నాకంటె బాగుగ తెలియునని మొదలుపెట్టు నాయకుడు అతనిని పెద్దవానిని చేయును.

ఇక ప్రశ్నలను గూర్చి. తనను అడుగు ప్రశ్నలన్నియు ఒక్క తీరున సమాధానము చెప్పదగినవి కావని బుద్ధుడు వాటిని నాలుగు విధములుగ విభజించెను. కొన్నిటికి అవుననియో కాదనియో సూటిగా చెప్పవలెను. కొన్నిటిని పాయలుగా విడదీసి చెప్పవలెను. కొన్నిటికి ఎదురు ప్రశ్న వేసి, అడిగినవానిచేతనే చెప్పింపవలెను. కొన్నిటిని ప్రక్కకు పెట్టవలెను. ఈ విభాగము చూచుటకు సులభముగనే యుండును గాని, ఆచరణలో మహాకష్టము. సూటిగా చెప్పవలసినచోట నానావిధముల చుట్టుతిప్పి మాటలాడుటయు, విడదీసి చూడవలసిన సమస్యకు సభలో చప్పట్లకొరకు ఒక్కమాటలో తీర్పు చెప్పుటయు, ప్రజలచేత ఆలోచింపజేయవలసినదానిని తామే నిర్ణయించి చాటింపువేయుటయు, మౌనముగా నుండవలసిన విషయమున వివాదము రేపుటయు ఏ కాలపు నాయకులకైనను సులభముగ అబ్బు దోషములు. ఏ ప్రశ్న ఏ జాతికి చెందినదో నిర్ణయించుటకు ఒక్క క్షణము ఆగగలిగినచో ఈ నాలుగు దోషములలో సగమైన తప్పును.

కోసలదేశమున కేసపుత్తమను ఊరిలోని కాలాములు బుద్ధునితో తమ సందేహమును మొరపెట్టుకొనిరి. వచ్చిన ప్రతి ఆచార్యుడును తన మతమును పొగడి పరులమతమును నిందించిపోవుచున్నాడనియు, ఎవనిని నమ్మవలెనో తెలియకున్నదనియు వారి బాధ. ఇట్టి అవకాశము దొరికిన ఏ ఆచార్యుడైనను తన్ను నమ్ముడని చెప్పి యుండును. బుద్ధుడు మొదట వారి సందేహమును న్యాయమైనదని అంగీకరించెను. పరంపరగా వచ్చినదని గాని, గ్రంథమునందున్నదని గాని, చెప్పినవాడు మన గురువని గాని దేనిని అంగీకరింపరాదని చెప్పి, లోభము, ద్వేషము, మోహము మనుష్యునకు మేలు చేయునా కీడు చేయునా యని వారినే అడిగెను. కాలాములు తమ అనుభవమునుండియే కీడని చెప్పిరి. ఆ ఊరి జనులు ఆనాడు పొందినది ఒక గురువును మాత్రమే కాదు, గురువులను పరీక్షించు సాధనమును కూడ. ఆ సాధనముతో వారు ఆయనను కూడ పరీక్షింపగలరని తెలిసియే ఆయన దానిని వారి చేతికిచ్చెను.

మాటలతో తీరని దుఃఖములు కొన్ని కలవు. శ్రావస్తిలో కిసాగోతమి చనిపోయిన బిడ్డను చంక నెత్తుకొని మందు కొరకు తిరిగిన కథ తెలుగువారిలో బాలురకు కూడ తెలిసినదే గనుక దానిని విస్తరింపను. మరణము ఎవ్వరికిని తప్పదను వాక్యమును ఆ తల్లికి ఎవరైనను చెప్పగలరు. ఊరివారు చెప్పియే యుందురు. బుద్ధుడు ఆ వాక్యమును చెప్పక, చావెరుగని ఇంటినుండి ఆవాలు తెమ్మని పంపెను. ఇంటింటికి పోయినకొలది ఆమె తన దుఃఖమును చెప్పుకొనుటకు మారుగా ఇతరుల దుఃఖమును వినుట ఆరంభించెను. ఏ సత్యమును ఒకరు తమంతట తాము నడచి చేరుకొనవలెనో, ఆ సత్యమును ముందుగా నోట చెప్పి చులకన చేయకుండుట కూడ బోధకుని ధర్మమే.

కాని ఇంత మృదువుగా నడిపించినవాడు కఠినమైన మాట అననే అనడా? ఈ ప్రశ్ననే అభయరాజకుమారుడు ఒక చిక్కుముడిగా పన్ని బుద్ధుని ముందుంచెను. ఇతరులకు అప్రియమగు మాట పలుకుదునన్నచో సామాన్యునికి ఆయనకు భేదము లేదు; పలుకనన్నచో భిక్షువైన దేవదత్తుని అంత తీవ్రముగా నిందించుట అబద్ధమగును. అప్పుడు రాజకుమారుని ఒడిలో పసిబిడ్డ యున్నాడు. ఈ బిడ్డ పుల్లనో రాతిపలుకునో నోట పెట్టుకొన్నచో ఏమి చేయుదువని బుద్ధుడు అడిగెను. ఎడమచేత తల పట్టుకొని, కుడిచేతి వ్రేలు వంచి, రక్తము వచ్చినను దానిని బయటికి తీయుదుననియు, బిడ్డమీద తనకు కరుణ కలదనియు అభయుడు చెప్పెను. పలుకబోవు మాట సత్యమగునా, మేలు చేయునా యని తూచుకొని, రెండును అయినచో అది ప్రియమైనను అప్రియమైనను దానికి తగిన కాలమెరిగి పలుకుదునని బుద్ధుడు వివరించెను. సత్యము కానిదానిని, మేలు చేయనిదానిని వినువారికి ఎంత ఇంపుగ నున్నను పలుకడు. సత్యము, హితము, కాలము అను ఈ మూడు కొలతలలో కాలమును గూర్చినదే తరచుగా ఉపేక్షింపబడుచున్నది. పదిమందిలో ఒకని తప్పెన్ను అధికారి చెప్పినది సత్యమే కావచ్చును, హితమే కావచ్చును. కాని ఆ వేళ తగినది కాకపోవుటచేత ఆ హితమంతయు విషమగును.

తన కుమారుడైన రాహులునికి చేసిన బోధ ఈ సందర్భమున స్మరింపదగినది. అంబలట్ఠిక యను చోట ఆ బాలుడు తండ్రికి ఆసనము వేసి, కాళ్లు కడుగుకొనుటకు నీళ్లు పెట్టెను. బుద్ధుడు పాదములు కడుగుకొని, పాత్రలో కొంచెము నీరు మిగిల్చి చూపెను. తెలిసి తెలిసి అబద్ధమాడుటకు సిగ్గుపడనివాని శ్రమణత్వము అంతపాటిదే యనెను. ఆ నీటిని పారబోసి చూపెను, పాత్రను బోరగించి చూపెను, మరల వెల్లకిల నిలిపి ఉత్త పాత్రను చూపెను. ఒక్కొక్క చేష్టకు ఒక్కొక్క మాట. అద్దము దేనికని అడిగి, చూచుకొనుటకని బాలుడు చెప్పగా, ఒక పనిని చేయుటకు ముందును, చేయుచున్నప్పుడును, చేసిన పిమ్మటను అట్లే చూచుకొనవలెనని బోధించెను. కుమారునికి ఆయన ఇచ్చినది నిషేధముల పట్టిక కాదు. తాను దగ్గర లేనప్పుడును పనిచేయు కొలబద్ద. దండనభయము దండించువాడు కనుమరుగైనంతనే నశించును. ఆత్మపరీక్ష మాత్రము మనుష్యునితోడనే నడచివచ్చును.

ఇతరులను పరీక్షించుకొనుడని చెప్పుట సులభము, తన్ను పరీక్షింపుడని చెప్పుట కష్టము. వర్షావాసము ముగిసిన పిమ్మట భిక్షువులు ఒకరినొకరు తమ దోషములు చెప్పుడని కోరుకొను ప్రవారణ యను ఆచారము సంఘమున కలదు. శ్రావస్తిలో పూర్వారామమున ఐదువందల మంది నడుమ, పున్నమినాటి రాత్రి, ఆ ఆచారమును మొట్టమొదట తనకే వర్తింపజేసికొని, తన చేతలయందు గాని మాటలయందు గాని నిందింపదగినది ఏమైన కలదాయని బుద్ధుడు సంఘమును అడిగెను. శిష్యుడైన సారిపుత్రుడు లేచి, ఏమియు లేదని విన్నవించి, తన్ను గూర్చి అదే ప్రశ్న అడిగెను. సమాధానము ముందే తెలిసిన ప్రశ్న యిది యని కొందరనవచ్చును. కాని గురువే అట్లు అడుగు సంఘమున, క్రొత్తగా చేరిన పిన్నవానికి కూడ పెద్దవారిని ప్రశ్నించుట అపరాధము కాదని అర్థమగును. విమర్శకు సంవత్సరమున ఒక దినమును నియమించి, దానిని పండుగగా జరుపుకొను సంస్థలు నేడు ఎన్ని కలవు?

అయితే ఈ పద్ధతి ఎల్లప్పుడును ఫలించెనా? ఫలింపని సందర్భమును కూడ, సంఘనియమములను తెలుపు వినయపిటకము దాచక చెప్పినది. నాయకధర్మము నెరుగగోరువారికి ఆ ఘట్టము మిక్కిలి విలువైనది. కౌశాంబిలో భిక్షువులు అల్పవిషయమున రెండుగా చీలి కలహించిరి. బుద్ధుడు సంధి చేయబోయెను. తాము చూచుకొందుమనియు, స్వామి సుఖముగా ఉండవలెననియు ఒక భిక్షువు ఆయన మాటకు అడ్డు చెప్పెను. మరల చెప్పినను వినలేదు. అప్పుడాయన శపింపలేదు, బహిష్కరింపలేదు, ఒక పక్షమును చేరలేదు. చీవరము, పాత్రము గ్రహించి ఒంటరిగా బయలుదేరి, దారిలో అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు అను ముగ్గురు భిక్షువులు నివసించు వనమునకు పోయెను. ఆ ముగ్గురు పాలును నీళ్లును వలె కలిసి యుండిరి. భిక్షనుండి ముందు వచ్చినవాడు ఆసనములు పరచి నీళ్లు పెట్టును. వెనుక వచ్చినవాడు వాటిని ఎత్తిపెట్టి చోటు ఊడ్చును. నీటికుండ ఖాళీయైనచో చూచినవాడు నింపును, ఒక్కనికి సాధ్యము కానిచో చేసైగతో మరియొకనిని పిలుచును. మాట అవసరము కలుగదు. అచ్చటినుండి ఆయన పారిలేయకవనమునకు వెడలెను. ఇచ్చట కౌశాంబి గృహస్థులు విచారించి, మన ఊరినుండి తథాగతుడు వెడలిపోవుటకు కారకులైన వీరికి నమస్కరింపరాదు, భిక్ష పెట్టరాదు అని కట్టుబాటు చేసికొనిరి. భిక్షువులకు అప్పటికి బుద్ధి వచ్చినది. శ్రావస్తికి పోయి తగవు తీర్చుకొనిరి.

మాట చెల్లనిచోట బలప్రయోగము చేసి గెలుచుటకంటె, వైదొలగి తాను లేని లోటును వారికి తెలియజేయుటయే మేలని ఆయన నిశ్చయించెను. తగవును తీర్చినది ఆయన ఆజ్ఞ కాదు, సామాన్యజనుల వివేకము. అట్టి వివేకము ఆ ఊరి ఇల్లాండ్రకును వర్తకులకును ఎక్కడినుండి వచ్చినదని ఆలోచించినచో, ఆయన పూర్వము చేసిన బోధ వ్యర్థము కాలేదని తెలియును.

అంత్యకాలమున ఈ ధర్మము సంపూర్ణముగ ప్రకటితమైనది. ఎనుబదియేండ్ల వయస్సున, వైశాలి చేరువ బేలువగ్రామమున ఆయన వ్యాధిగ్రస్తుడై కోలుకొనినప్పుడు, సంఘమును గూర్చి ఏదో యొక ఏర్పాటు చేయక స్వామి వెడలిపోడను ధైర్యముతో నున్నానని శిష్యుడైన ఆనందుడు పలికెను. సంఘము తనవలన ఇంకేమి కోరునని ఆయన ఆశ్చర్యపడెను. లోపలివారికొకటి, వెలుపలివారికొకటి అని భేదము లేక సమస్తము చెప్పితిననియు, శిష్యులనుండి దాచి పిడికిట బిగించుకొన్నది ఏమియు లేదనియు, సంఘమును నేను నడుపుదునని తలచువాడెవడైనను ఉన్నచో వాడు ఏర్పాట్లు చేయవచ్చును గాని, తనకట్టి తలంపు లేదనియు చెప్పెను. మీకు మీరే శరణమై, ధర్మమును శరణముగ గ్రహించి యుండుడని ఉపదేశించెను. అంతకుముందు దేవదత్తుడు సంఘాధిపత్యమును తనకు అప్పగింపుమని కోరినప్పుడు, సారిపుత్రమౌద్గల్యాయనులకే అప్పగింపనివాడను నీకెట్లు అప్పగింతునని త్రోసిపుచ్చినవాడే ఆయన.

తెలుగు పల్లెలలో పిల్లలకు ఈత నేర్పు పెద్దలు నడుమునకు మునగబెండ్లు కట్టి బావిలో దింపి, కొంత నేర్చిన పిమ్మట ఒక్కొక్క బెండును తగ్గించి, చిట్టచివరకు ఏదియు లేకయే ఈదునట్లు చేయుదురు. బుద్ధుడు నలువదియైదేండ్లు చేసినది అట్టి పనియే. కుశీనగరమున కన్నుమూయునంతకు ముందు, సందేహములున్నచో అడుగుడని భిక్షువులను ముమ్మారు కోరెను. అందరును మౌనముగా నుండగా, శాస్తమీది గౌరవముచేత అడుగ సంకోచించినచో ఒక మిత్రుడు తన మిత్రునితో చెప్పవచ్చుననెను. తన పట్ల గల గౌరవమే సత్యమునకు అడ్డుగోడ కాకూడదని, తుదిశ్వాస సమీపించిన వేళ కూడ శ్రద్ధవహించిన నాయకుని మరియొకనిని నేనెరుగను.

ఇదంతయు సర్వసంగపరిత్యాగుల సంఘమునకు చెల్లును గాని, పన్నులు వసూలు చేసి, దోషులను దండించి, సైన్యములను నిలుపవలసిన ప్రభువులకు చెల్లునా యని న్యాయముగనే అడుగవచ్చును. సమాధానము మన నేలమీదనే కలదు. కర్నూలు సీమలో ఎర్రగుడి కొండలయందు అశోకచక్రవర్తి పదునాలుగు శిలాశాసనములును, లఘుశాసనములును చెక్కబడియున్నవి. తాను భోజనము చేయుచున్నను, అంతఃపురమున నున్నను, ఉద్యానమున నున్నను ప్రజల పనులను గూర్చి తనకు ఎల్లవేళల నివేదింపవలెనని ప్రతివేదకులను ఆజ్ఞాపించిన శాసనము అందొకటి. కళింగయుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెరపట్టబడిరనియు, అందులకు తాను పశ్చాత్తప్తుడనైతిననియు ఒప్పుకొన్న శాసనము మరియొకటి. విజయములను రాతిమీద చెక్కించిన రాజులు లోకమున లెక్కకు మిక్కిలి. విజయమునకు పశ్చాత్తాపమును రాతిమీద చెక్కించినవాడు అశోకుడు. ప్రవారణనాడు భిక్షువు సంఘముముందు చేయుపనిని ఆ చక్రవర్తి ప్రజలముందు చేసెను. తన ధర్మసందేశమును చేర్చుటకు ఏనుగులెక్కువారిని, రథచోదకులను, లేఖకులను, తమ తమ శిష్యులకు బోధించు బ్రాహ్మణులను వినియోగించుకొమ్మని అచ్చటి లఘుశాసనము అధికారులకు దారి చూపుచున్నది. అనగా ఎవని మాట ఎవరు విందురో ఎరిగి, వాని ద్వారా చెప్పించుట.

కృష్ణాతీరమునకు వచ్చినచో, ఆచార్య నాగార్జునుడు రత్నావళి యను గ్రంథమున ఒక రాజునకు, ఆ రాజు సాతవాహనుడని సంప్రదాయము చెప్పును, రాజనీతిని ఉపదేశించెను. అందు చెరసాలలను గూర్చిన భాగము నేటి పాలకులు కూడ చదువదగినది. దుర్బలులైన బందీలను త్వరగా విడిచిపెట్టవలెననియు, విడిచిపెట్టునంతవరకు వారికి క్షౌరము, స్నానము, అన్నపానములు, ఔషధము, వస్త్రము లోపింపరాదనియు, దారితప్పిన కుమారులను దారికి తెచ్చు తండ్రివలె, యోగ్యులను చేయు కోరికతోనే దండింపవలెను గాని ద్వేషముతోను ధనాశతోను కాదనియు ఆయన బోధించెను. శిక్ష కూడ బోధయే కావలెనని దీని తాత్పర్యము.

అమరావతి స్తూపమునుండి తెచ్చి నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో ఉంచిన ఒక సున్నపురాతి పతకమును చూచినవారికి ఇదే ధర్మము మరియొక భాషలో వినబడును. రాజగృహవీథిలో బుద్ధునిమీదికి విడువబడిన నాళాగిరి యను మత్తగజము కథ అది. పతకములో ఒకవైపున ఆ ఏనుగు జనులను త్రొక్కుచు, తొండముతో చుట్టుచు విజృంభించుచున్నది. భయముతో ఒకరినొకరు పట్టుకొన్నవారు, పై గవాక్షములనుండి తొంగిచూచుచున్నవారు కనబడుచున్నారు. మరియొకవైపున అదే ఏనుగు బుద్ధుని పాదములచెంత మోకరిల్లియున్నది. రెండు ఏనుగులకు నడుమ శిల్పి అంకుశమును గాని సంకెలను గాని చెక్కలేదు. ఎదుట నిలిచిన శాంతమూర్తిని మాత్రము చెక్కెను. భయపెట్టి వంచినది బలము తరిగిననాడు మరల లేచును. మైత్రిచేత వంగినది లేవవలసిన పనిలేదని ఆ తెలుగు శిల్పి ఎరుగును.

క్రమశిక్షణ లేనిదే సంస్థ నిలువదను మాటను నేను కాదనను; బుద్ధుడును కాదనలేదు. సంఘమునకు నియమములు ఏర్పరుపుమని సారిపుత్రుడు తొందరపడినప్పుడు, దోషములు తలయెత్తినపిమ్మటనే నియమములు చేయుదునని ఆయన ఆగమనెను. వినయపిటకమునందలి ప్రతి నియమము వెనుకను అది ఎందుకు పుట్టెనో చెప్పు ఒక సంఘటన కలదు. సంఘమునకు ఇష్టమైనచో చిన్న నియమములను తొలగించుకొనవచ్చునని తుదకు ఆనందునితో చెప్పనుజెప్పెను. కారణము తెలిసిన నియమమును మనుష్యుడు గౌరవముతో పాటించును. కారణము తెలియని నియమమును భయముతో పాటించి, సందు దొరికినంతనే తప్పించుకొనును.

బుద్ధపరినిర్వాణానంతరము రాజగృహమున గోపకమౌద్గల్యాయనుడను బ్రాహ్మణుడు ఆనందుని కలిసికొని, మీ గురువుతో సమానుడైన భిక్షువొకడైన కలడాయని అడిగెను. లేడని ఆనందుడు చెప్పెను. అంతలో అచ్చటికి వచ్చిన వస్సకారుడను మహామంత్రి, మీరు ఆశ్రయించునట్టి పెద్దనొకనిని మీ గురువు గాని, సంఘము గాని నియమించెనా యని అడుగగా, అదియు లేదని చెప్పెను. శరణము లేని మీరు కలిసి ఎట్లున్నారన్న ప్రశ్నకు, మేము శరణము లేనివారము కాము, ధర్మమే మాకు శరణమని ప్రత్యుత్తరమిచ్చెను. ఒక నాయకుడు ఎంతటివాడో తెలియుటకు, అతడు సభలో నిలిచినప్పుడు కరతాళధ్వనులు లెక్కించుట కాదు, అతడు లేనినాడు అతనివారు ఎట్లు మాటలాడుదురో వినుటయే సరియైన పరీక్ష. ఆనందుని మాటలో దైన్యము లేదు, తడబాటు లేదు.

మనది ప్రజలే ప్రభువులైన దేశము. ఇట్టి దేశమున నాయకత్వము కొద్దిమంది సొత్తు కాదు. తరగతిలో ఉపాధ్యాయుడును, సంఘమున అధ్యక్షురాలును, పొలముగట్టున మేస్త్రీయు, ఇంట తల్లిదండ్రులును ఎవరి పరిధిలో వారు నాయకులే. తమ క్రిందివారు తమ మాటను వినుచున్నారా యని చూచుకొనుట వారికి ఎల్లరకు అలవాటే. తమ సాంగత్యమువలన వారికి స్వయముగా ఆలోచించు శక్తి పెరుగుచున్నదా, తమ తప్పును ఎత్తిచూపగల ధైర్యము వారికి కలుగుచున్నదా, తాము ఒక నెల కనబడకున్నచో పని చక్కగా సాగునా యని కూడ విచారించుకొనవలెనని, విచారించుకొని తగినట్లు తమ పద్ధతిని దిద్దుకొనవలెనని నా ప్రార్థన. అట్లు దిద్దుకొన్నవారికి అనుచరుల సంఖ్య తగ్గినను తగ్గవచ్చును. వారి మధ్యనుండి క్రొత్త నాయకులు మాత్రము తప్పక పుట్టుదురు. దేశమునకు కావలసినది అదియే.